మామిడి గుంతలో మట్టి పొరలు: వరద తెచ్చినవా, అక్కడే పుట్టినవా?

పాకాల_పెద్దబ్బాయి
నమస్కారం అందరికీ. పాకాల దగ్గర మా మెట్ట చేలో మామిడి పెడదామని గుంతలు తీయిస్తున్నాం. మామూలు గుంతలు మీటరు లోతే. మూలనున్న ఒకదాన్ని మాత్రం జేసీబీ అబ్బాయి ఊపులో ఏడడుగుల దాకా తోడేశాడు. తిడదామని దిగితే గోడ మీద పొరలు విడివిడిగా కనిపించాయి, తిట్టడం మర్చిపోయాను.

పైన జానెడు మందం బూడిద కలిసిన గోధుమరంగు మట్టి. ఇసుక ఎక్కువ, గడ్డి వేళ్లన్నీ అందులోనే. దాని కింద రెండున్నర అడుగుల దాకా ముదురు ఎరుపు. తడిపితే చేతికి అంటుకుంటుంది, ఎండితే గడ్డపార కూడా దిగదు. ఆ కింద బెత్తెడు మందాన తెల్ల పలుగురాళ్ల వరస. దాని కింద పసుపు, తెలుపు, ఎరుపు కలగలిసిన గరుసు, వేళ్లతో నలిపితే పొడి అవుతుంది. అట్టడుగున రాయి.

మా నాయన మాట: ఎప్పుడో పెద్ద వరదొచ్చి ఒకదాని మీద ఒకటి పరిచిపోయింది. కానీ మా చేను మిట్ట మీద ఉంది. ఏరు దగ్గర్లో లేదు, ఉన్న వంక కూడా దిగువన పారుతుంది. మరి ఇవి ఎట్లా వచ్చాయి? ఇంకొకటి, అసలు పని అదే: గుంత పూడ్చేటప్పుడు ఏ మట్టి పైకి పోవాలి, ఏది కిందికి?

కొండదారి_నడక
నాన్నగారి మాట కొట్టిపారేయకండి. తిరుమల ఘాట్ రోడ్డులో వెళ్తున్నప్పుడు కొండకోత గమనించారా? కింద గ్రానైటు, నైస్ రాళ్లు. వాటి నెత్తిన నగరి క్వార్ట్జైట్, పరుపులు పరుపులుగా. ఆ రెండూ కలిసే గీతనే ఎపార్కియన్ అన్‌కన్ఫర్మిటీ అంటారు. జియలాజికల్ సర్వే వాళ్లు దాన్ని జాతీయ భూవారసత్వ స్థలాల్లో చేర్చారు. కింది రాయికీ పై రాయికీ మధ్య పదుల కోట్ల ఏళ్ల ఖాళీ ఉంది. పై రాయంతా ఒకప్పుడు నీళ్లలో పేరుకున్న ఇసుకే. పొర అంటేనే పేరుకున్నది కదా. మీ గుంతలోదీ అలాంటిదే, చిన్న సైజులో.

ఎందుకో_ఏమో
ఘాట్ రోడ్డులో నేను కిటికీ పక్కన కూర్చున్నా కళ్లు మూసుకునే ఉంటాను, మలుపులకు వాంతి. కాబట్టి సాక్ష్యం చెప్పలేను. కానీ మిట్ట మీదికి వరద ఎక్కడం ఎలా అనేది నా ప్రశ్న.

మట్టిఅక్క_తిరుపతి
కొండదారి గారూ, ఘాట్ రోడ్డు గురించి మీరు రాసింది సరైనదే. అయితే అది రాతి పొర, గుంతలోది నేల పొర. రెండూ అడ్డంగా కనిపిస్తాయి కనుక ఒకటే అనుకుంటాం. రాతి పొరల్లో వయసు వరసగా ఉంటుంది: కిందిది ముందు వచ్చింది, పైది తర్వాత వచ్చింది. నేల పొరల్లో ఆ లెక్క పనికిరాదు. అక్కడ ఒకే పదార్థం పైనుంచి కిందికి వేర్వేరుగా మారుతూ పోతుంది. పైపొర, కిందిపొర ఒకే కాలంలో, ఒకదానివల్ల ఒకటి తయారవుతాయి. పైనుంచి పోయింది కింద చేరుతుంది.

పెద్దబ్బాయ్, ఊహలెందుకు, గుంత తెరిచే ఉంది కదా. రేపు దిగి ఇవి చూడు. పలుగురాళ్లు కోసుగా ఉన్నాయా, గుండ్రంగా నునుపు తేలాయా? ఎరుపు నుంచి గరుసులోకి మారే చోట అంచు కత్తిరించినట్టుందా, క్రమంగా కలిసిపోతోందా? అన్నిటికంటే ముఖ్యం, అడుగు రాయిలో తెల్ల పలుగు చార ఏదైనా ఉంటే దాన్ని పైకి వెతుక్కుంటూ రా. గరుసులోకి వచ్చిందా? వస్తే ఎక్కడ ఆగింది?

బోరుబండి
మేం రోజూ చూసేదే ఇది. మట్టి, తర్వాత గరుసు, తర్వాత మెత్తరాయి, తర్వాత గట్టిరాయి. గట్టిరాయి తగిలే దాకా కేసింగ్ దింపుతాం. రైతు "ఇన్ని అడుగుల కేసింగా!" అని గొడవ పెట్టుకుంటాడు. రాయి ఎంత లోతు దాకా కుళ్లిందో కేసింగ్ అంత, మేం చేసేదేముంది. ఒకే ఊళ్లో ఒక చేలో కాస్త దింపితే చాలు, పక్క చేలో ఎంతకీ రాయి తగలదు.

మట్టిఅక్క_తిరుపతి
ఆ తేడా రాతిలోని పగుళ్ల వల్ల. నీళ్లు దిగే దారి ఎక్కడుంటే అక్కడ రాయి లోతుగా మెత్తబడుతుంది. కేసింగ్ లోతులు డైరీలో రాసుకుంటూ ఉండన్నా, ఊరి మ్యాపు మీద పెడితే మంచి సమాచారం.

బోరుబండి
డైరీలో బాకీలు రాయడానికే చోటు చాలదక్కా.

పాకాల_పెద్దబ్బాయి
దిగి చూశాను. రాళ్లు కోసుగా ఉన్నాయి, ఒకటి వేలికి గీరుకుంది కూడా. ఎరుపు ఒక్కసారిగా ఆగిపోలేదు, అరడుగు పైగా గరుసుతో కలిసిపోతూ దిగింది.

పలుగు చార గురించి మీరు అడిగారు కదా. అడుగు రాయిలో వేలెడు మందం తెల్ల చార ఏటవాలుగా ఉంది. అదే వాలులో గరుసులోకి వచ్చింది. చుట్టూ ఉన్నది చేత్తో నలిగే పొడే, అయినా చార మాత్రం చెదరలేదు. ఎర్రమట్టి మొదలయ్యే చోట ముక్కలై, ఒక పక్కకు ఒరిగి, నేను చెప్పిన రాళ్ల వరసలో కలిసింది. ఫోటో పెట్టాను. మా నాయన ఫోటో చూసి ఏమీ అనలేదు, గుంత దగ్గరికి పోయి స్వయంగా చూసొచ్చాడు.

కొండదారి_నడక
ఫోటో బాగుంది. ఆ చార ఉన్నంత మేరా అది వరద మట్టి అయ్యే వీల్లేదు, ఒప్పుకోవాల్సిందే. నీళ్లు మోసుకొచ్చిన గరుసులో ఇంత సన్నటి చార వాలు కూడా మారకుండా నిలబడదు. కానీ పై రెండున్నర అడుగుల సంగతేమిటి? చార అక్కడికి రాలేదు కదా.

మట్టిఅక్క_తిరుపతి
మంచి ప్రశ్న. కింది నుంచి మొదలుపెడతాను, కాస్త పొడుగవుతుంది.

పాకాల, చంద్రగిరి వైపు అడుగున ఉన్నది ఎక్కువగా గ్రానైటు, నైస్. వాటిలో ప్రధానంగా మూడు రకాల ఖనిజాలు: పలుగు అంటే క్వార్ట్జ్, తెల్లగానో గులాబీగానో ఉండే ఫెల్డ్‌స్పార్, నల్లగా మెరిసే అభ్రకం, దాంతో పాటు హార్న్‌బ్లెండ్ లాంటివి. వానచినుకు గాలిలోనూ మట్టిలోనూ ఉన్న కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకొని కొద్దిగా ఆమ్లంగా మారుతుంది. అది పగుళ్లలో దిగినప్పుడు ఫెల్డ్‌స్పార్ మెల్లగా కరిగి కయొలిన్ లాంటి బంకమట్టిగా మారుతుంది. నల్ల ఖనిజాల్లోంచి ఇనుము బయటపడి గాలి తగిలి తుప్పు పడుతుంది. అదే నీ ఎరుపు, హెమటైట్. నీటిని పట్టి ఉంచుకున్న రకం ఇనుము, గోథైట్, పసుపుగా కనిపిస్తుంది. పలుగు మాత్రం దాదాపు దేనికీ లొంగదు. అందుకే రాయి కుళ్లినా దాని చార నిలబడింది.

నీ గరుసు పొర ఇదే: రూపం రాయిది, గట్టితనం లేదు. దీన్ని మేం 'సీ' పొర అంటాం. అడుగు గట్టిరాయి 'ఆర్'. పై ఎరుపు 'బీ', పైన జానెడు 'ఏ'. అడవిలో ఆకులు రాలి పేరుకున్న పొర ఉంటే అది 'ఓ', దున్నిన చేలో ఉండదు. 'ఏ', 'బీ'ల మధ్య వెలిసిపోయినట్టుండే 'ఈ' అనే పొర కొన్నిచోట్ల వస్తుంది. నీ చేలో అది ఉండి ఉంటే మడక ఎప్పుడో కలిపేసి ఉంటుంది. అక్షరాలు ఇంతే, వాటిమీద పరీక్ష పెట్టను.

ఇక కొండదారి గారి ప్రశ్న. చార 'బీ'లోకి రాకపోవడానికి కారణం అక్కడ మట్టి ఊరికే నిలబడి లేదు. చెట్ల వేళ్లు దూరతాయి, చస్తాయి, కంతలు మిగులుతాయి. తడిసి ఉబ్బుతుంది, ఎండి పగులుతుంది. అన్నిటికంటే పెద్ద పని చెదలది. చెదలు కిందినుంచి సన్నమట్టిని నోటితో మోసి పైకి తెస్తాయి, పెద్ద రాళ్లను మోయలేవు. వేల ఏళ్లు అలా జరిగితే సన్నది పైకి, రాళ్లు కిందికి. వానపాములు ఇదే పని ఎలా చేస్తాయో, నేలమీద వదిలిన రాయి ఎలా మునిగిపోతుందో డార్విన్ కొలిచి 1881లో ప్రచురించాడు. మన ఎండలకు వానపాముల కంటే చెదలే నయం.

తాతయ్య_మడక
పుట్టమన్ను అందుకే అంత మెత్తగా జిగటగా ఉంటుంది. అది పైమట్టి కానే కాదు, లోపలి ఎర్రమట్టి. మా చిన్నప్పుడు కళ్లం అలకడానికి పుట్టమన్నే తెచ్చేవాళ్లం. స్వామివారు పుట్టలో దాక్కున్నప్పుడు ఆవు వచ్చి పాలు ధార పోసిందని చెప్పుకునే ఊళ్లో ఉండి చెదలను తక్కువగా చూడకూడదు.

పాకాల_పెద్దబ్బాయి
తాతయ్యా, మా మామిడి మొక్కలకు కూడా అవే శత్రువులు. గౌరవిస్తాను గానీ దూరం నుంచే.

ఎందుకో_ఏమో
నాకు అర్థం కానిది ఒకటుంది. రాయి మారి మట్టి అవుతుంది, సరే. అన్ని ఖనిజాలూ ఒకేచోట మారితే బంకమట్టి అంతటా సమానంగా ఉండాలి. పైన ఇసుక, మధ్యలో బంక, కింద గరుసు ఎందుకు? పైమట్టికే వాన ఎక్కువ తగిలేది. పైనే ఎక్కువ కుళ్లి, పైనే ఎక్కువ బంక ఉండాలి కదా?

మట్టిఅక్క_తిరుపతి
క్లాసులో ఈ ప్రశ్న అడిగేవాళ్లు అరుదు. నిజమే, పైనే ఎక్కువ పుట్టింది. కానీ పుట్టిన చోట ఉండలేదు.

బంక రేణువు మిల్లీమీటరులో అయిదువందల వంతు కంటే చిన్నది. పొడి నేలమీద మొదటి వాన పడినప్పుడు మట్టిగడ్డలు చితికి ఆ రేణువులు నీళ్లలో తేలతాయి. నీళ్లు కంతల్లోంచి, పగుళ్లలోంచి దిగుతూ వాటిని మోసుకెళ్తాయి. కాఫీ ఫిల్టరులో డికాషన్ దిగినట్టే, కాకపోతే ఇక్కడ పొడి కూడా కొంత దిగిపోతుంది. కింద నేల ఇంకా పొడిగా ఉంటుంది. అది నీటిని గడ్డల లోపలికి పీల్చుకుంటుంది, నీటితో వచ్చిన బంక మాత్రం గడ్డ ముఖం మీద పూతలా నిలిచిపోతుంది. వాన అక్కడి దాకానే తడపగలిగితే బంక కూడా అక్కడే ఆగుతుంది. పెద్దబ్బాయ్, ఎర్రపొర నుంచి ఒక గడ్డ విరిచి ఎండలో తిప్పి చూడు. ముఖాలు నున్నగా మెరిస్తే ఆ పూత ఇదే.

దీనికి తడి, పొడి మారుతూ ఉండాలి. మన దగ్గర సరిగ్గా అదే జరుగుతుంది. జూన్ నుంచి నైరుతి వానలు, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్యం, ఆ తర్వాత నెలల తరబడి ఎండ. ఏడాదంతా తడిగా ఉండే చోట ఈ కథ వేరుగా నడుస్తుంది.

ఇదొక్కటే కారణమని చెప్పను. ఏటవాలు చేలో గట్టివాన పడితే సన్నబంక పక్కకు కొట్టుకుపోతుంది, బరువైన ఇసుక మిగులుతుంది. పైపొర ఇసుకగా ఉండటానికి అది కూడా కారణం. మధ్యపొరలో తేమ ఎక్కువకాలం నిలుస్తుంది కనుక అక్కడికక్కడే పుట్టే బంక కూడా ఉంటుంది. ఏది ఎంత అనేది గుంతను బట్టి మారుతుంది.

ఎందుకో_ఏమో
ఇప్పుడు అర్థమైంది. పైపొరను కడిగి కింది పొర బాగుపడింది. మా అపార్ట్‌మెంటులో ఫస్ట్ ఫ్లోర్ వాళ్లు చెప్పే ఫిర్యాదే ఇది.

కాళాస్తి_రైతు
అందరూ మిట్టనేల గురించే మాట్లాడుతున్నారు. నాది స్వర్ణముఖి ఒడ్డు. బావి పూడిక తీసినప్పుడు చూశాను, మా దాంట్లో పొరలు వేరే తీరు. జానెడు ఇసుక, దాని కింద రెండంగుళాల మెత్తటి ఒండ్రు, మళ్లీ ముతక ఇసుక, మళ్లీ ఒండ్రు. అంచులు కోసినట్టు ఉంటాయి. గులకరాళ్లు గుండ్రంగా ఉంటాయి. ఎర్రబంక పొర ఎక్కడా లేదు. 2021 నవంబరు వరదలో మా చేను మీద ఇసుక మేట వేసింది, తెలిసే ఉంటుంది, రాయలచెరువు తెగుతుందని ఊళ్లు ఖాళీ చేయించిన రోజులు అవి. ఒక మూల ఇసుక తీయకుండా వదిలేశాను. అక్కడ తవ్వితే ఇసుక కింద పాత చేను పైమట్టి నల్లగా అట్లే ఉంది, చెనిక్కాయ వేళ్లతో సహా.

కొండదారి_నడక
ఇదిగో, నేను చెప్పిన పేరుకున్న పొరలు ఇవే! పాకాలలో లేకపోతేనేం, కాళహస్తిలో ఉన్నాయి.

మట్టిఅక్క_తిరుపతి
అవును, మీ మాట ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది. ఒక్కో పొర ఒక్కో వరద. ప్రవాహం జోరుగా ఉన్నప్పుడు ముతక ఇసుక దిగుతుంది, నీళ్లు నిలిచి తేటపడేటప్పుడు ఒండ్రు. ఎర్రబంక పొర లేకపోవడానికి కారణం కాలం. బంక పైనుంచి దిగి ఒక పొరగా కుదురుకోవడానికి వేల ఏళ్లు పడుతుంది. ఏరు పదీ ఇరవై ఏళ్లకోసారి కొత్తమట్టి వేసి లెక్కను మళ్లీ సున్నా నుంచి మొదలుపెడుతుంది. ఇసుక కింద దొరికిన నల్లమట్టి, పూడుకుపోయిన 'ఏ' పొర. దాన్ని అట్లే వదిలెయ్ అన్నా. పైన కొత్తగా ఏం తయారవుతుందో మీ పిల్లలు చూడొచ్చు.

కాళాస్తి_రైతు
పిల్లలు బెంగళూరులో ఉన్నారమ్మా.

పలమనేరు_పట్టు
మాది మల్బరీ తోట. ఒకే సర్వే నంబరులో పైన ఎర్రనేల, దిగువ చెరువు వైపు బూడిదరంగు నల్లనేల. మధ్యలో గోడలాంటిదేమీ లేదు. రాయి అంతటా ఒకటే, వాన ఒకటే. రంగు ఎందుకు మారుతుంది? దిగువ గుంతలో రెండు మూడు అడుగుల కింద తెల్ల గులకలు కూడా వస్తాయి, సుద్దముక్కల మాదిరి.

మట్టిఅక్క_తిరుపతి
వాలు. మట్టిశాస్త్రానికి పునాది వేసిన రష్యా శాస్త్రవేత్త డొకుచాయెవ్ 1883లోనే నల్లనేలల మీద రాస్తూ, నేల అంటే ఊరికే చితికిన రాయి కాదని, వాతావరణమూ జీవులూ కలిసి తయారుచేసేదని వాదించాడు. 1941లో అమెరికాలో హాన్స్ యెన్నీ దాన్ని అయిదు కారణాలుగా స్థిరపరిచాడు: వాతావరణం, జీవులు, నేల వాలు, మూలశిల, కాలం. మీ చేలో నాలుగు సమానం, ఒక్కటే తేడా. అందుకే మీ సర్వే నంబరు పాఠానికి పెట్టిన చేను లాంటిది.

పైన నీళ్లు ఇంకి పోతాయి, గాలి ఆడుతుంది, ఇనుము తుప్పుగా నిలుస్తుంది, ఎరుపు. ఆ నీళ్లు కరిగించిన కాల్షియం, మెగ్నీషియం, సిలికా వాలు వెంబడి దిగువకు చేరతాయి. అక్కడ నీళ్లు నిలిచి ఆవిరవుతాయి, ఇవి మిగిలిపోతాయి. సిలికా, మెగ్నీషియం పుష్కలంగా ఉన్న చోట కయొలిన్ బదులు తడిస్తే ఉబ్బే రకం బంక పుడుతుంది, స్మెక్టైట్. వేసవిలో నెర్రెలిచ్చేది అదే. కాల్షియం సున్నపు గులకలుగా గట్టిపడుతుంది. గులక మీద నిమ్మరసమో వెనిగరో వేసి చూడండి, బుడగలు వస్తే సున్నమే. పైపొర మట్టి పరీక్షలో ఈ సున్నం కనిపించకపోవచ్చు. వేళ్లు అక్కడికి దిగాక ఆకు పసుపు పచ్చబడి ఈనెలు మాత్రం పచ్చగా మిగిలితే ఇనుము అందడం లేదని అనుమానించండి. సున్నం ఎక్కువైన చోట ఇనుము ఉన్నా వేరు తీసుకోలేదు.

తాతయ్య_మడక
వరి కయ్యలో ఇంకో రకం పొర ఉంటుంది. ఏళ్ల తరబడి దమ్ము చేస్తే జానెడు కింద అడుగు గట్టిబడిపోతుంది. ఆ గట్టి పొర లేకపోతే నీళ్లు నిలవవు, గెనిమ ఎంత బాగా వేసినా లాభం లేదు. అదే కయ్యలో తర్వాత చెనిక్కాయ వేస్తే మాత్రం ఆ పొరే శత్రువు. వేరు దిగదు. నాగలితో లోతుగా చీల్చాల్సిందే. ట్రాక్టరు రోటవేటర్ ఒకే లోతులో ఏటా తిప్పినా ఇదే వస్తుంది, మెట్టచేలో కూడా.

ఎందుకో_ఏమో
మనిషి కూడా పొరలు పుట్టిస్తాడన్నమాట.

అంకణం_36
పుట్టించేవాడిని నేను చూపిస్తాను. తిరుపతి శివార్లలో కొన్ని అంకణాల స్థలం కొన్నా. పునాదికి తవ్విస్తే: పైన రెండడుగులు ఎర్ర గ్రావెల్, దాని కింద ఇటుకముక్కలు, సిమెంటు సంచులు, ఒక చెప్పు, ఆ కింద జిగట నల్లమట్టి, నీళ్లూరుతోంది. అమ్మినాయన "గట్టి ఎర్రనేల సార్, కొండరాయి దగ్గర్లోనే" అన్నాడు. ఆ ఎరుపు లారీలో వచ్చిందని ఇప్పుడు తెలిసింది. పాత మ్యాపులో అక్కడ చిన్న కుంట ఉంది.

బోరుబండి
ఆ పొరకు పేరు నేను పెడతా: రియల్ ఎస్టేట్ పొర. ఈ మధ్య అన్నిచోట్లా తగులుతోంది.

మట్టిఅక్క_తిరుపతి
నవ్వొస్తోంది గానీ విషయం చిన్నది కాదు. మీరు చెప్పిన వరసలో అన్ని అంచులూ కోసినట్టు ఉంటాయి, పైపొరకూ కిందిపొరకూ చుట్టరికం ఉండదు. ఎర్ర గ్రావెల్ నల్లబంక నుంచి పుట్టే దారే లేదు. కొనేముందు ఒక మూల నాలుగైదు అడుగులు తవ్వించి చూస్తే ఇది తెలిసిపోతుంది, చెప్పు దొరకక్కర్లేదు. పునాది ఆ నల్లమట్టి మీద నిలబెట్టొద్దు. అది తడికి ఉబ్బి ఎండకు కుంగుతుంది, గోడలు బీటలు తీస్తాయి. భారం మోసే గట్టినేల ఎంత లోతులో ఉందో మట్టి పరీక్ష చేయించి ఇంజనీరు చేత డిజైన్ చేయించండి. ఇంకుడుగుంత కూడా అక్కడ పనిచేయదు, నీళ్లు ఎక్కడికీ పోవు.

అంకణం_36
ఇంజనీరు పైల్ ఫౌండేషన్ అంటున్నాడు. ఖర్చు వింటే టెన్షన్. సరే, థాంక్స్ మేడం.

కాళాస్తి_రైతు
దీనికి తిరగేసిన కథ ఒకటి. మాకు తెలిసినాయన మిట్టచేను చదును చేయించాడు. పైమట్టి గీకి దిగువ గుంటలోకి తోశారు, మిట్ట మీద ఎర్రబంక తేలింది. చూడటానికి చేను బల్లపరుపుగా అందంగా ఉంది. వేసిన చెనిక్కాయ పైభాగంలో సరిగా మొలవలేదు. వానపడి ఆరగానే పైన పెచ్చు కట్టింది, మొలక పొడుచుకు రాలేకపోయింది. దిగువ మాత్రం ఏపుగా ఉంది.

మట్టిఅక్క_తిరుపతి
ఒక సెంటీమీటరు నేల తయారు కావడానికి వందల ఏళ్లు పడుతుంది. జేసీబీ దాన్ని ఒక్క పూటలో తీసేస్తుంది. మన ఎండలకు ఆకుఅలము త్వరగా కుళ్లి ఆవిరైపోతుంది కనుక నల్లటి సారం జానెడుకు మించి దిగదు. సేంద్రియ కర్బనం 0.5 శాతం కంటే తక్కువైతే మట్టి పరీక్ష కార్డులో 'తక్కువ' అని వస్తుంది. మన ఎర్రనేలల్లో పైపొరకే చాలాచోట్ల ఆ ముద్ర పడుతుంది, అది గీకేశాక మిగిలేది చెప్పక్కర్లేదు. చదును చేయాలంటే ముందు పైమట్టిని ఒక పక్కకు తీసి కుప్ప పోయించాలి, లోపలి మట్టిని సర్దాలి, చివర పైమట్టి మళ్లీ పరవాలి. జేసీబీ గంటల బిల్లు పెరుగుతుంది. పెరగనీ.

ఇప్పటికే గీకేసిన చేనుకు చెరువు పూడికమట్టి మంచిది, ఎండాకాలంలో తోలించి పశువుల ఎరువుతో కలిపి దున్నించమనండి. మొదటి ఏడాదే పాత దిగుబడి ఆశించొద్దు. పచ్చిరొట్ట ఒకటి రెండు పంటలు వేసి కలియదున్నితే నయం.

పాకాల_పెద్దబ్బాయి
అక్కా, నా రెండో ప్రశ్న మిగిలిపోయింది. వానలు దగ్గర పడుతున్నాయి.

మట్టిఅక్క_తిరుపతి
మర్చిపోలేదు. పై సగం మట్టి, కింది సగం మట్టి వేర్వేరు కుప్పలుగా పోయించావా? లేకపోతే ఇక తీసే గుంతలకైనా అట్లా చేయి. పూడ్చేటప్పుడు వేళ్లు మొదట తిరిగే చోట పైమట్టే ఉండాలి. దానికి 50 కిలోల దాకా బాగా మాగిన పశువుల ఎరువు, సూపర్ ఫాస్ఫేట్ కలుపు. పైమట్టి చాలకపోతే చుట్టుపక్కల జానెడు లోపలే గీకి తెచ్చుకో. ఎర్రబంక మిగిలితే చెట్టు చుట్టూ పాదు గట్టుకు వాడు, నీళ్లు ఆపుతుంది. గరుసు బాటకు పనికొస్తుంది, గుంతలో మాత్రం వద్దు, అందులో బలం లేదు.

ఒక జాగ్రత్త. జేసీబీ బకెట్టు తడి ఎర్రబంకను గీసినప్పుడు గుంత గోడ పాలిష్ పట్టినట్టు నునుపెక్కుతుంది. అట్లే వదిలితే వేరు గోడ దాటి పోదు, గుంతలోనే చుట్టుకుంటుంది. గడ్డపారతో గోడలు పొడిపించి గరుకుగా చేయించు. నింపేముందు ఒక గుంతలో నీళ్లు పోసి చూడు. మర్నాటికి కూడా నిలిచే ఉంటే ఆ మేరలో మిట్ట కట్టి మొక్క పెట్టు, లేదా ఏడడుగుల గుంతలా గరుసు తగిలే దాకా మధ్యలో సన్నగా ఒక కంత దించు, నీళ్లకు దారి దొరుకుతుంది.

మట్టి పరీక్షకు ఇచ్చేటప్పుడు పైపొర ఒక్కటే ఇవ్వకు. మామూలు పంటలకు 15 సెంటీమీటర్ల లోతు చాలు. తోటకు అడుగు, రెండడుగులు, మూడడుగులు, మూడు లోతుల నుంచీ విడివిడిగా తీసి, సంచి మీద లోతు రాసి ఇవ్వు. ఏడడుగుల గుంత గోడ నుంచే తీయొచ్చు, కానీ ముందు ఎండకు ఎండిన పైచర్మం గీకేసి లోపలిది తియ్యి. కింది లోతు ముందు తీసి పైకి రా, లేదంటే పైమట్టి రాలి కింది నమూనాలో కలుస్తుంది.

పాకాల_పెద్దబ్బాయి
గడ్డ విరిచి ఎండలో చూశాను, ముఖాలు మెరుస్తున్నాయి. గోడలు పొడిపించే పని రేపు మొదలు. పలుగు చార ఉన్న గుంత పూడ్చొద్దని, చుట్టూ కంచె వేసి ఉంచమని మా నాయన అంటున్నాడు. ఆ చెట్టు మరి ఎక్కడ పెట్టాలో?

తాతయ్య_మడక
పక్కన రెండు గజాలు జరిపి పెట్టు నాయనా. వరస తప్పిందని మామిడి చెట్టు అలగదు.

బోరుబండి
కంచె గట్టిగా వేయించు. రాత్రిపూట బండి తోలేవాళ్లం మేమే.